ఆయన డ్యూటీలో ఉండగా కరెంటు పోలేదు

మొన్న మధ్యాహ్నం మా నార్సింగి అపార్ట్‌మెంట్లో కరెంటు పోయింది. పోయిందనడం కూడా పెద్ద మాటే, ఫ్యాను రెక్కలు పూర్తిగా ఆగేలోపే కింద ఎక్కడో జనరేటర్ అందుకుంది, మళ్లీ అన్నీ తిరగడం మొదలుపెట్టాయి. అయినా ఎదురింటి అమ్మాయి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆఫీసు మీటింగు మధ్యలో ఇంటర్నెట్ ఆగిపోయిందనీ, ఇంత పెద్ద కాంప్లెక్సులో ఉండి కూడా ఇదేం ఖర్మ ఆంటీ అనీ నా దగ్గర చాలాసేపు వాపోయింది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఆమెకు తెలిసిన ప్రపంచంలో కరెంటు అంటే గాలిలాంటిది, అది లేకపోవడమే వింత. లోపలికొచ్చి కూర్చున్నాక మాత్రం నాకు పని మీద మనసు నిలవలేదు. ఫ్యాను ఆగిన ఆ కాసేపటి నిశ్శబ్దంలో నాకెప్పుడూ మా అత్తగారి ఊపిరి చప్పుడు వినిపిస్తుంది.

మన ఈడువాళ్లకు ఆ రోజుల కోతల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కరెంటు ఉన్నప్పుడే పిండి రుబ్బుకోవడం, ఉన్నప్పుడే మోటారు వేసి బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపిపెట్టుకోవడం, పరీక్షలకు చదివే పిల్లల ముందు కిరసనాయిలు దీపం పెట్టి పొగ కళ్లల్లో పడకుండా అటూ ఇటూ జరపడం, ఇవన్నీ మీరూ పడ్డవే. ఈ మధ్య కొందరు అవన్నీ ఎంత తీపి రోజులో అని రాస్తున్నారు, ఆరుబయట కబుర్లనీ వెన్నెల్లో భోజనాలనీ. వాళ్లకు అలా గుర్తుంటే సంతోషమే. నాకు మాత్రం ఆ రోజులు తీపి కావు.

మేము కడప జిల్లా నుంచి హైదరాబాదుకు వచ్చింది తొంభైల చివర్లో, మాదాపూర్ వైపు కొండరాళ్లు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న కాలంలో. మా ఆయన ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఊళ్లో ఓ ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతబడ్డాక చివరికి ఈ కొత్త భవనాల్లో ఒకదానిలో జనరేటర్లు చూసుకునే కాంట్రాక్టు సంస్థలో ఉద్యోగం సంపాదించుకున్నారు. ఆయన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, బయట కరెంటు పోయినా లోపల పోకుండా చూడటం. పైన ఏసీ గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లకు కరెంటు పోయిన సంగతే తెలియకూడదు. తెలిస్తే ఆ రోజు కిందనున్న వీళ్లందరికీ చీవాట్లే.

ఆ భవనానికి నడిచి వెళ్లేంత దూరంలో, అప్పటికింకా పల్లెటూరిలాగే ఉన్న వీధిలో, మేమిద్దరం, బడికెళ్లే పిల్లలు, మా అత్తగారు ఉండేందుకు రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ ఆ ఊరి మనిషే, భర్త పోయినా రెండు గేదెలను పెట్టుకుని ధీమాగా బతుకుతున్న మనిషి. మేము దిగిన మొదటిరోజే వచ్చి, "ఈడ అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా, కరెంటు ఒక్కదాని మీద మాత్రం ఆశ పెట్టుకోకుండ్రి" అని నవ్వుతూ చెప్పి వెళ్లింది. ఆ మాట ఎంత నిజమో మొదటి వేసవిలోనే తెలిసింది. ప్రకటించిన కోత ఒకటుండేది, ప్రకటించనిది దానికి రెండింతలుండేది. డాబా ఎక్కితే ఆ అద్దాల మేడ కనిపించేది. మా వీధి వీధంతా చీకట్లో ఉంటే అది మాత్రం పెళ్లివారిల్లులా వెలుగుతుండేది.

మా అత్తగారికి ఆ వెలుగంటే ఎంత మురిపెమో! చదువుకోని మనిషి, పెద్దకొడుకు పట్నంలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడన్న గర్వం ఒళ్లంతా నిండిన మనిషి. కరెంటు పోగానే విసనకర్ర పట్టుకుని అరుగు మీదికొచ్చి, దారినపోయేవాళ్లను ఆపి మరీ, "అదో, ఆ మేడ చూడండమ్మా, మావోడు ఉండేది ఆడే. వాడుంటే ఆడ దీపం ఆరదు" అని చూపించేది. ఇంటావిడ కూడా పాలు పితుక్కుని వెళ్తూ, "అవు అమ్మా, నీ కొడుకును జర మా గల్లీకి గూడ ఓ దీపం పెట్టమను" అని ఎగతాళి చేసేది. అత్తగారు దాన్ని ఎగతాళిగా తీసుకునేది కాదు, వాణ్ణి అడుగుతాలేమ్మా అని నిజంగానే మాట ఇచ్చేది.

ఆమెకు ఉబ్బసం ఎప్పటినుంచో ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు చలికాలంలో మాత్రం బాధపెట్టేది. ఇక్కడికొచ్చాక రాళ్లు పేల్చిన దుమ్ము, సిమెంటు దుమ్ము, లారీలు లేపే ఎర్రమట్టి, అంతా ఆమె ఊపిరితిత్తుల్లోకే వెళ్లినట్టయింది. బట్టలు ఆరేస్తే గంటలో రంగు మారేవి, అలాంటిది మనిషి ఏమవుతుంది? కూకట్‌పల్లి డాక్టరుగారు నెబ్యులైజర్ ఇంట్లోనే పెట్టుకోమన్నారు. మందును పొగమంచులా చేసి ముక్కుకు తగిలించిన తొడుగు ద్వారా లోపలికి పంపే యంత్రం అది. మందు పట్టిన కాసేపటికే ఆమె ముఖం తేటపడేది. కానీ దానికి కరెంటు కావాలి.

అందుకని ఇన్వర్టర్ పెట్టించాం. ఇప్పటిలాగా అందంగా గోడకు తగిలించేది కాదు, కూకట్‌పల్లిలో ఒక దుకాణంవాళ్లు సొంతంగా బిగించి ఇచ్చిన ఇనుపపెట్టె, దాని పక్కన లారీలకు వాడేలాంటి పెద్ద బ్యాటరీ. అది పనిచేస్తుంటే గదంతా తుమ్మెద రొదలాంటి మోత, ఛార్జి అవుతుంటే ఘాటైన యాసిడ్ వాసన. ఆయన ఆదివారాలు బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తుంటే అత్తగారు పక్కనే కూర్చుని, పసిబిడ్డకు పాలు పట్టడం చూసినంత శ్రద్ధగా చూసేది. ఆ ఏడు ఆయుధపూజకు దానికి కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కూడా పెట్టింది. మా వీధిలో ఇన్వర్టర్ ఉన్నది మా ఒక్క ఇంట్లోనే కాబట్టి, మేమేదో కోటలో ఉన్నంత భరోసాగా ఉండేది నాకు.

మరుసటి వేసవిలో ఆ భరోసా ఎంతటిదో తేలిపోయింది. ఇన్వర్టర్ అంటే కరెంటును పుట్టించేది కాదు కదా, ఉన్నప్పుడు దాచుకుని లేనప్పుడు ఇచ్చేది. దాచుకునేందుకే కరెంటు రాకపోతే అదేం చేస్తుంది? ఆ వారం మరీ అన్యాయంగా ఉంది. వచ్చినట్టే వచ్చి పోయేది, వచ్చినప్పుడు కూడా బల్బు ఎర్రగా నిప్పుకణికలా వెలిగేది తప్ప బ్యాటరీ నిండేది కాదు. ఎవరో విదేశీ అతిథులు ఆ మేడలు చూడటానికి వస్తున్నారనీ, వాటికేమీ లోటు రాకుండా మిగతా చోట్ల కోస్తున్నారనీ వీధిలో చెప్పుకున్నారు. నిజమో కాదో నాకు తెలియదు. మా ఆయన మాత్రం ఆ ఏర్పాట్లలో పడి రెండు పూటలా అక్కడే ఉంటున్నారు.

అతిథులు వచ్చిన రోజే మా అత్తగారికి ఆయాసం ముంచుకొచ్చింది. మధ్యాహ్నం వంట ముగించి నేను ముందుగదిలోకి వచ్చేసరికి ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంది, మెడ నరాలు తాళ్లలా తేలాయి. కరెంటు లేదు. గబగబా మందు పోసి, తొడుగు పెట్టి, యంత్రం ఇన్వర్టర్ మీద వేశాను. కాసేపు ఆడింది. మందు సగమైనా అయ్యిందో లేదో, పెట్టె కీచుకీచుమని అరిచి గప్పున ఆగిపోయింది. మీట ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. నోట్లో కొట్టుకునే పంపు కూడా వాడి చూశాను, అది లోపలికి పీల్చుకునేంత ఊపిరి ఆమెకు అందలేదు. పెదవులు నల్లబడుతుంటే వీధిలోకి పరుగెత్తి ఇంటావిడను కేకేశాను.

ఆవిడ పేడచేతులతోనే వచ్చి ఒక్కసారి చూసి, "నువ్వు పోయి నీ మొగనికి ఫోన్ కొట్టు, నేను బండి చూస్త. ఫికర్ చేయకు" అంది. వీధి చివర ఎస్టీడీ బూతులో దీపం లేకపోయినా ఫోను పనిచేస్తోంది, దేవుడి దయ. ఆయన ఆఫీసుకు చేసి, అమ్మకు ప్రాణం మీదికొచ్చింది, కూకట్‌పల్లి నర్సింగ్ హోముకు తీసుకుపోతున్నాం, వెంటనే రమ్మనండి అని చెప్పాను. ఫోనెత్తిన అమ్మాయి పాపం కంగారుపడి, ఇప్పుడే చెప్తానండి అంది. నేను తిరిగొచ్చేసరికి ఇంటావిడ రోడ్డుకు అడ్డంగా నిలబడి, సిమెంటు దింపి ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటోను ఆపేసింది. సిమెంటు దుమ్ము మీదే దుప్పటి పరిచి, అత్తగారిని నా ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముఖానికి తడిగుడ్డ అడ్డంపెట్టి బయలుదేరాం.

పెద్దరోడ్డు ఎక్కేచోట పోలీసులు ఆపేశారు. అతిథుల కార్లు వస్తున్నాయట, అవి పోయేదాకా ఎవరూ కదలకూడదట. రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడ్డవాళ్లను ఇంటావిడ దిగి బతిమాలింది. "సారూ, ముసలమ్మకు దమ్ము ఆడుతలేదు, జర ఇడువుండ్రి" అంది. వాళ్లలో ఒకడు మావైపు చూసి కూడా, "రెండు నిమిషాలమ్మా" అని తల తిప్పుకున్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "మీ ఇండ్లల్ల అమ్మలు లేరా? గా కార్లు ఆగితే ఏమైతది?" అని గొంతెత్తి అరిచింది. తాడు కదల్లేదు. నేను ఎండలో ఆ ట్రాలీలో కూర్చుని, ఒళ్లో ఆమె రొప్పుతుంటే, తల ఎత్తి చూశాను. ఎదురుగా ఆ మేడ. పట్టపగలు, సూర్యుడు నడినెత్తిన ఉండగా, అద్దాల వెనక ప్రతి అంతస్తులో ట్యూబులైట్లన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. వాటి అడుగున ఎక్కడో మా ఆయన ఉన్నారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క లైటుకు సరిపడే కరెంటు మా ఇంట్లో ఉంటే మేము ఆ రోడ్డు మీద ఉండేవాళ్లం కాదు. కార్లు నల్లగా, చప్పుడు లేకుండా పోయాయి. తాడు దించారు.

మా అత్తగారు బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నర్సింగ్ హోములో ఆక్సిజన్ పెట్టి, సూదిమందులిచ్చి నిలబెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. ఇంటావిడ గండం గడిచేదాకా నా పక్కనే ఉండి, బడి నుంచి వచ్చే పిల్లలకు అన్నం పెడతానని చెప్పి వెళ్లింది. నేను మాత్రం గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాను. ఆయన రాలేదు. ఫోనెత్తిన అమ్మాయి చెప్పడం మరిచిపోయిందేమో అనుకున్నాను, ఆయనే రావడానికి వీల్లేదన్నారేమో అని కూడా ఒక నీచమైన ఆలోచన వచ్చింది.

సాయంత్రం వాలుతుండగా వచ్చారు, పరుగెత్తుకుంటూ, ఒళ్లంతా చెమటా డీజిలు మరకలతో. ఆ వాసనకు అత్తగారికి దగ్గు తెర వచ్చింది. నర్సు ఆయన్ను బయట నిలబడమంది. కన్నతల్లి మంచం దగ్గరికి పోలేక ఆయన గుమ్మం దగ్గరే గోడకానుకుని నిలబడ్డారు. దగ్గు తగ్గాక ఆమె తల తిప్పి కొడుకును చూసింది. అడిగింది ఒకటే మాట.

"ఆడ కరెంటు పోలేదా నాయనా?"

"పోలేదమ్మా."

"సరేలే," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయనకు కబురు అందింది అతిథులు వెళ్లిపోయాకే. ఆ అమ్మాయి చెప్పవలసిన చోట వెంటనే చెప్పిందట, మేనేజరే ఆపాడట. ఎందుకు ఆపారని ఆయన అడిగితే, "చెప్తే నువ్వు ఉండేవాడివా?" అన్నాడట. ఈ సంగతి ఆయన నాతో చెప్పింది చాలాకాలం తర్వాత. చెప్తున్నప్పుడు కూడా ఆ మేనేజరును తిట్టలేదు. అతని ప్రశ్నలో నిజముందని, తాను ఉండేవాణ్ణి కాదని మాత్రం అన్నారు. తర్వాత కొద్దిరోజులకు ఆ అతిథుల పర్యటనలో రెప్పపాటు కూడా కరెంటు పోనివ్వనందుకు అక్కడి సిబ్బందిని సన్మానించి, మేడ బొమ్మ ఉన్న గోడగడియారాలు పంచారు. ఆయన దాన్ని విప్పకుండానే తెచ్చి అటక మీద పడేశారు. ఏమిటని నేను అడగలేదు, అట్టపెట్టె మీద రాసే ఉంది.

ఆ ఉద్యోగం మానేస్తారనుకున్నాను. మానలేదు. పిల్లల చదువులు, ఆమె మందులు, మళ్లీ మరునాడే డ్యూటీకి వెళ్లారు. అత్తగారు ఇంటికొచ్చాక కూడా సాయంత్రాలు అరుగు మీద కూర్చునేది, విసనకర్రతో విసురుకునేది. కానీ దారినపోయేవాళ్లను ఆపి మేడ చూపించడం మానేసింది. ఇంటావిడ పాత అలవాటుగా ఒకటి రెండుసార్లు కదిలించి చూసి, ఆమె ముఖం చూసి తనూ మానుకుంది. కొడుకుతో ప్రేమగానే ఉండేది, అన్నం తిన్నావా అని అడిగేది, ఆఫీసులో ఏమైందని మాత్రం ఆ తర్వాత ఒక్కనాడూ అడగలేదు. తల్లి ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం ఆయన్ను ఎంత తొలిచేసిందో పక్కనుండి చూసినదాన్ని నేను. తిట్టినా ఆయన తట్టుకునేవారు.

ఆమె మరో రెండేళ్లు ఉండి, ఒక వానాకాలంలో నిద్రలోనే వెళ్లిపోయింది. ఆ తర్వాత కొంతకాలానికి మా వీధి పొలాలన్నీ అమ్ముడుపోయాయి, ఇంటావిడ ఇల్లూ పోయి ఆ చోట ఆరంతస్తుల హాస్టలు లేచింది. ఆవిడ పుప్పాలగూడలో కూతురి దగ్గర చేరిందని విన్నాను, వెతుక్కుంటూ వెళ్లి చూసొచ్చాను కూడా. మనుషుల్ని పెద్దగా గుర్తుపట్టడం లేదు, నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు ఈ నగరంలో కరెంటు పెద్దగా పోవడం లేదు. మంచిదే, పోకూడదు, ఏ ఇంట్లో ఎవరి ఊపిరి దాని మీద ఆధారపడి ఉందో ఎవరికి తెలుసు? నా బాధ అది రాలేదని కాదు. అది రావడానికి ఒక వరుస పెట్టారు, ఆ వరుసలో ముందు అద్దాల మేడలు, చివర మా వీధి. ఆ వరుస ఎలా ఉండాలో మమ్మల్నెవరూ అడగలేదు, ఎవరు పెట్టారని మేమూ ఎవర్నీ అడగలేదు. చివరికి మేము ఆ ఇంట్లో ఉండగానే మా వీధికీ కోతల్లేని కరెంటు వచ్చింది. వచ్చేనాటికి ముందుగదిలో మంచం ఖాళీగా ఉంది. ఆ గదిలో ఫ్యాను రోజంతా ఎవరికోసమూ కాకుండా తిరుగుతుంటే, పొదుపు చేయడం అంత అలవాటున్న నేను కూడా చాలారోజులు దాన్ని ఆపలేకపోయాను.