గోడ మీద నేను మోపిన నేరం

అరవైల మొదట్లో నేను కావలిలో సైన్సు మాస్టరుని. మా చర్చి పక్కన పాటలు సాధన చేసే చిన్న గదిలో గొంతులు గింగురుమంటున్నాయని పాస్టరుగారు నన్ను పిలిచారు. డ్రిల్లు మాస్టరుని స్టాప్‌వాచీ అడిగి తెచ్చుకుని, గదిలో చప్పట్లు కొట్టి, ఆ మోత ఆగడానికి ఎంతసేపు పడుతుందో వారం రోజులు కొలిచాను. ఒకరోజు రెండు సెకన్లు, మర్నాడు అందులో సగం కూడా లేదు! సముద్రపు గాలికి తేమ పట్టిన తూర్పు గోడే దోషి అని తేల్చి, దాన్ని పడగొట్టాలని నాలుగు పేజీల నివేదిక రాశాను.

చర్చి కమిటీ ముందు దాన్ని గంభీరంగా చదివాను. మేస్త్రీని కూడా పిలిపించారు. అప్పుడు గది ఊడ్చే మరియమ్మ గుమ్మంలోంచి అంది.

"గోడేం చేసిందయ్యా పాపం? సభలకొచ్చేవాళ్ల పరుపులు ఆ గదిలోనే గదా పెట్టేది. నేను వాటిని ఎండకేసిన రోజు గది మోగతాది, లోపలేసిన రోజు మోగదు."

"పరుపులా? నాకు కనపడలేదే!" అన్నాను.

"అదేందయ్యా, వాటి మీద కూచోనే గదా మీరు లెక్కలు రాసుకునింది!"

గోడ బతికిపోయింది. ఆ తర్వాత పిల్లలకు 'పరిశీలన' పాఠం చెప్పిన ప్రతిసారీ నేను నిలబడే చెప్పాను.