రోడ్డు మీద అన్నం, కొండపాకలో మాత్ర

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఉద్యమం ఉంది, దిగ్బంధమైన రహదారి ఉంది, సముద్రాలు దాటి వచ్చిన ఒక స్త్రీ ఉంది, ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక వృద్ధుడు ఉన్నాడు. వీళ్లందరి మధ్య నిలబడి జనాన్ని కదిలించేలా మాట్లాడిన ఒక యువకుడూ ఉన్నాడు. అది నేనే.

సరే, మహాకావ్యం కాదు. ఒక గుండిగెడు పప్పన్నం సంగతి. యువకుడు మాత్రం నేనే, అందులో మార్పు లేదు.

తెలంగాణ ఉద్యమం ఉడుకు మీదున్న రోజులు. సిద్దిపేటలో చర్చి వాళ్ల సేవాకేంద్రం ఒకటి ఉండేది. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి అక్కడ పని చేయడానికి వచ్చి, ఏళ్ల తరబడి ఉండిపోయింది ఒకామె. సన్యాసిని కాదు, డాక్టరూ కాదు. అయినా ఊరంతా సిస్టరమ్మ అనే పిలిచేది. నేను ఆమెకు డ్రైవర్ని, దుబాసీని, అడగకపోయినా సలహాలిచ్చేవాణ్ణి.

పరాయి దేశంలో సేవ అంటే జనం ఏమేమో ఊహించుకుంటారు. నేను చూసింది ఇదీ: పొద్దున్నే బియ్యంలో రాళ్లు ఏరడం, కరెంటు పోయేలోగా బోరు మోటరు వేయడం, దోమతెర చిరుగులు కుట్టుకోవడం, మధ్యాహ్నం వ్యానులో అన్నం పెట్టుకుని ఊళ్లు తిరగడం. తెలుగు మాత్రం పుస్తకంలోంచి నేర్చుకుంది. "బాబూ, దయచేసి వాహనమును నడపండి" అనేది. ఆ మర్యాదకు వాహనం కూడా సిగ్గుపడి, ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు.

కొండపాకలో మా అన్నం కోసం చూసేవాళ్లలో ఒక గౌడు తాత ఉండేవాడు. తాటిచెట్లెక్కీ ఎక్కీ చివరికి టీబీతో దిగాడు. మాత్రలు మా సంచిలోనే ఉండేవి, మా ఎదుటే మింగాలి. ఖాళీ కడుపున మింగితే వాంతే. ఇదివరకు ఒకసారి మధ్యలో మానేసి, దగ్గు తిరగబెట్టి, చావు గడప దాకా వెళ్లొచ్చాడు. ఇంకోసారి మానేస్తే మా వల్ల కాదని దవాఖానలో చెప్పేశారు. అయినా తాత తన షరతు వదల్లేదు.

"నువ్వు బువ్వ తెస్తే నేను గోలి మింగుత. నువ్వు రాకుంటే ఆన్నించి బంద్. మాటంటే మాట."

సిస్టరమ్మ ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకుంది. వానైనా, జ్వరమైనా, మా వ్యాను అలిగినా, కొండపాక తప్పలేదు.

ఆ రోజు బంద్. ఊరు దాటామో లేదో రోడ్డుకడ్డంగా జనం, రాళ్ల పొయ్యిలు, గుండిగలు, పొగ, డప్పులు. వంటావార్పు. సర్కారు మీద కోపమొస్తే నడిరోడ్డు మీద వండుకుని తినడం మా పోరాట పద్ధతుల్లో ఒకటి. వేరే చోట్ల పస్తుండి నిరసన తెలుపుతారు. మేం కడుపునిండా తిని తెలుపుతాం.

సిస్టరమ్మకు ఇది చూడటం మొదటిసారి. ఆమె అంతకుముందు వరదల్లో, భూకంపాల్లో పనిచేసి వచ్చిన మనిషి. గిన్నెలతో సహా రోడ్డున పడ్డ జనం అంటే ఆమెకు ఒకటే అర్థం.

"బాబూ, వీరి ఇళ్లు ఏమైనవి?"

"ఇండ్లకేం గాలే సిస్టరమ్మా, మంచిగనే ఉన్నయి. మీరు బండిలనే కూసోండి" అని నేను దిగాను.

అక్కడి నాయకుడు సమ్మెలో ఉన్న టీచరు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన సారే.

"సార్, పేషెంట్ల బువ్వ. ఇడిసిపెట్టుండ్రి."

"ఏందిరా, నీకు లెక్కలు ఎట్లాగు రాలే, బంద్ గూడ అర్థమైతలేదా?"

"అంబులెన్సును ఇడుస్తున్రు గద?"

"గది అంబులెన్సా? కూరగాయల బండి లెక్కున్నది."

అప్పుడు గొంతు సవరించుకున్నాను. తెలంగాణ ఎవరి కోసం సార్ అన్నాను. తాటిచెట్టెక్కిన తాత కోసం కాదా అన్నాను. ఆ తాత బతక్కపోతే వచ్చిన రాష్ట్రాన్ని చూసేదెవరన్నాను. డప్పు ఆగింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. సారు కళ్లు తుడుచుకున్నాడు. పొగ అటే వీస్తోంది మరి.

"పోనియ్యుండ్రిరా" అన్నాడు.

విజయగర్వంతో వెనక్కి తిరిగాను. వ్యాను వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. వరసగా కూర్చున్న ఉద్యమకారులకు సిస్టరమ్మ గరిటెతో పప్పన్నం వడ్డిస్తోంది. వంటావార్పులో ఎవరు పెట్టినా కాదనకూడదు. పైగా వాళ్ల పొయ్యి మీది అన్నం ఇంకా ఉడకలేదు.

"దుఃఖించకండి. ఇళ్లు మరల కట్టుకొనవచ్చును" అని ఓదారుస్తోంది.

తెల్లతోలు, నీలికళ్లు అన్నీ చూసి కూడా, ఆ పుస్తకాల తెలుగు విని ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, గీమె ఆంధ్రామెనా?"

గరిటె గుండిగ అడుగున గీరుకుంది. నేను వెళ్లి ఈ వంట సంగతేమిటో చెప్పాను. సిస్టరమ్మ ఖాళీ గుండిగను చూసింది, వ్యాను ముందున్న దారిని చూసింది. "తాత" అంది. అంతే. నేను సారు దగ్గరికి పరుగెత్తాను.

సంగతి తెలిసి సారు తలపట్టుకున్నాడు. "రోగుల బువ్వ మేం తిన్నమా! ఉద్యమం ఇజ్జత్ పాయె గదరా!"

అందరం పొయ్యి దగ్గరికి ఉరికాం. అక్కడ పెత్తనం పెళ్లిళ్లకు వండే చాచాది.

"చాచా, జల్ది బువ్వ దియ్యి!"

"దమ్ మీదున్నది సార్. మూత దీస్తే పలుకైతది."

"అరే, మనిషి పానం సంగతి!"

"గందుకే చెప్తున్న. పలుకు తింటే ముసలాయన కడుపు నొస్తది. ఠైరో, జర ఆగుండ్రి."

ఉద్యమం ఠైరాయించింది. సారు ఉపన్యాసం అందుకున్నాడు గానీ, ఒక్కో డిమాండుకూ ఇటు తిరిగి "ఉడికిందా?" అని అడిగాడు. జనం కూడా పిడికిళ్లెత్తి "ఉడికిందా?" అన్నారు. చివరికి చాచా తలూపాడు. అన్నం, పప్పుతో మా గుండిగ నింపి, తొణక్కుండా పట్టుకోవడానికి తనూ వ్యానెక్కాడు.

కొండపాకలో తాత అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"పొద్దు దిరిగింది. మాట దప్పిన్రు."

సిస్టరమ్మ నేల మీద కూర్చుంది. "తాతా, మన్నించండి. మీ భోజనమును ఇతరులకు ఇచ్చితిని."

"ఎవలకు?"

"తెలంగాణోళ్లకు" అన్నాను నేను.

తాత ఆలోచించాడు. "మరి నేనెవన్ని?"

"అందుకే నీకు తెలంగాణోళ్లే వండి పంపిన్రు. తిను తాతా, సల్లారుతది" అన్నాడు చాచా.

తాత తిన్నాడు. తొందరేమీ లేకుండా తిన్నాడు. మారు పెట్టించుకున్నాడు. పప్పులో చింతపండు ఎక్కువైందన్నాడు. అప్పుడు అరచెయ్యి చాపాడు. సిస్టరమ్మ మాత్రలు పెట్టింది. మింగి, నీళ్లు తాగి, రోజూలాగే నోరు తెరిచి చూపించాడు. చాచా "జై తెలంగాణ" అన్నాడు. సిస్టరమ్మ ముక్కు చీదుకుంది.

మహాకావ్యమన్నాక చివర ఫలశ్రుతి ఉండాలి గనక చెబుతున్నాను: ఆ మందు వేసుకున్నాక కాసేపు మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడక్కర్లేదు.