బంద్ నాడు కొలిచిన గల్లీ

2011. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఏడాది. నేను జగిత్యాలలో టౌన్ ప్లానింగ్ సర్వేయర్‌ని. ఏ వీధి ఎంత వెడల్పు, ఏ గోడ వెనక ఇల్లుంది, ఎక్కడ కొట్టుంది అని తిరిగి చూసి, టేపుతో కొలిచి, పటం మీదికి ఎక్కించడం మా పని. అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు. నా కొలతలో తప్పు పట్టిన మొనగాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు మాకొక పెద్ద పని వచ్చింది. బతుకుదెరువు కోసం జనమంతా హైదరాబాద్‌కే పరుగెత్తకుండా, ఆ మహానగరం ఒక్కటే ఉబ్బిపోకుండా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలను గ్రోత్ సెంటర్లుగా పెంచాలని ఒక ప్రాంతీయ ప్రణాళిక. గ్రోత్ సెంటర్ అంటే ఇల్లు, పని, బడి, అంగడి, దవాఖాన అన్నీ నడిచిపోయే దూరంలోనే దొరికే ఊరు. ఆ కాగితం చదువుతుంటేనే ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకు మా ఊళ్లను కూడా ఎవరో లెక్కలోకి తీసుకున్నారు!

జగిత్యాల, కోరుట్ల ముగించి సిరిసిల్ల చేరేసరికి మర్నాడు బంద్ అన్నారు. బస్సుల్లేవు, ఎటూ పోలేం. పొద్దున్నే లాడ్జి కిటికీలోంచి చూస్తే రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. సర్వేయర్‌కు అంతకన్నా పండుగ ఏముంటుంది? మామూలు రోజుల్లో టేపు పరిచామో లేదో, ఏదో ఒక ఆటో దాని మీదికి ఎక్కేస్తుంది.

“సార్, బంద్‌ల పని జేస్తమా? ఎవలన్న జూస్తె మనల్నే బంద్ జేస్తరు,” అన్నాడు యూసుఫ్ భాయి. టేపు రెండో కొస పట్టుకునే చైన్‌మన్ ఆయన, నాకన్నా పదేళ్లు పెద్ద.

“కొలిచేది తెలంగాణ జాగనే గద భాయీ! నడువుండ్రి,” అన్నాను.

సాయంత్రానికి నేతన్నలుండే గల్లీలన్నీ కొలిచేశాం. వెడల్పులు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. ఆ ఊపులోనే ల్యాండ్ యూజ్ కూడా రాసేశాను. అంటే ఏ కట్టడాన్ని దేనికి వాడుతున్నారో నమోదు చేయడం. మూసిన తలుపులు, అరుగులు, దండెం మీద ఆరేసిన బట్టలు. ఇళ్లు కాక మరేమిటి? గల్లీ మొత్తానికి ‘రెసిడెన్షియల్’ అని రాసి సంతకం గీకాను. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉంటాయని తెలియక కాదు. అవన్నీ పెద్ద షెడ్లలోనే ఉంటాయనుకున్నాను.

కొన్ని నెలలకు డ్రాఫ్ట్ పటాన్ని గోడకు పెట్టి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. దాని పక్కన నన్ను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లంతా ప్లాట్లున్న పెద్దమనుషులే. మూడో రోజు, యాభై దాటిన ఒకావిడ వచ్చి నిలబడింది. పేరు సత్తవ్వ. కొంగుకు నూలుపోగులు అంటుకుని ఉన్నాయి.

“మా గల్లి ఏ రంగుల ఉన్నది సారూ?”

“పసుపు రంగుల ఉన్నదవ్వా. ఇండ్ల జాగ అన్నట్టు.”

“మరి మా సాంచాలు?”

“ఇండ్ల నడుమ అవి ఉండద్దవ్వా. ఊరవతల షెడ్లకు పోవాలె.”

ఆమె ముఖం పాలిపోయింది. ముందు గదిలో భర్త రెండు సాంచాలు నడుపుతాడట. లోపలి గదిలో తను వాటికి కావలసిన నూలు కండెలు చుడుతుందట. పక్కనే మంచంలో పక్షవాతం వచ్చిన అత్త. సాంచాలు పోతే ఇల్లు గడవదు. సాంచాల వెంట తనూ పోతే అత్తకు దిక్కు లేదు.

“మా గల్లికి నువ్వెన్నడచ్చినవ్?” అని అడిగింది.

ఫీల్డ్ బుక్ తీశాను. తేదీ చూసి, పుస్తకాన్ని పక్కనే ఉన్న యూసుఫ్ భాయి వైపు తిప్పాను. “బంద్ దినం సార్,” అన్నాడు యూసుఫ్ భాయి మెల్లగా.

“ఓరి నీ సదువుల మన్నువడ! తెలంగాణ రావాలెనని కూలి ఇడిసిపెట్టి సాంచాలు బంద్ వెడ్తిమి. గా దినమే అచ్చి, మాకు పనే లేదని రాసుకపోతివా కొడుకా?”

ఉద్యమం బ్యాడ్జీ పెట్టుకుని తిరిగినవాణ్ని నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మళ్లీ అదే గల్లీకి వెళ్లాం. మొదట్లోనే సాంచాల చప్పుడు చెవులు గింగిర్లెత్తించింది. ఈసారి ప్రతి తలుపూ తట్టాను. ముందు గదిలో సాంచాలు, వెనక వంట. పక్కింట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు. మూల మీద సాంచాల సామాన్ల కొట్టు, దాని పైన పిల్లల ట్యూషన్, ఎదురుగా చాయ్ బండి. మేం కాగితం మీద కలగంటున్న గ్రోత్ సెంటర్ అక్కడ ఎప్పుడో వెలిసింది. దాన్నే నేను తుడిచేయబోయాను!

నా సర్వే తప్పని పై అధికారికి రాసిచ్చాను. ఆయన మండిపడ్డాడు. “మెమో తప్పదు, ఆలోచించుకో. అయినా ఆ చప్పుడు, ఆ దుమ్ము మధ్య ఇళ్లేమిటయ్యా? దాన్ని ప్లానింగ్ అంటారా?”

“ఒక్కసారి వచ్చి చూడండి సార్. తర్వాత మీరేమన్నా పడతాను.”

వచ్చాడు. సత్తవ్వ ఇంట్లో నిలబడి అడిగాడు. “ఊరి బయట ప్రభుత్వం షెడ్డూ కరెంటూ ఇస్తే వెళ్లరా అమ్మా?”

“ఎందుకు పోం సారూ? ఆయన సాంచ నడుపుతడు, నేను కండెలు చుడ్త. మరి ఈడ గీ ముసలిదానికి గుక్కెడు నీళ్లెవలు పోస్తరు? గది గూడ మీ పటంల రాయుండ్రి.”

ఆయన మంచం వైపు చూశాడు. బయటికొచ్చాక, ఇంటికి ఇన్ని సాంచాలే ఉండాలి, రాత్రిళ్లు ఆపాలి, నిప్పుకు జాగ్రత్తలుండాలి అంటూ షరతులు రాయించి, ఆ గల్లీని మిక్స్‌డ్ యూజ్ కిందికి మార్చాడు. అంటే ఇల్లూ పనీ ఒకేచోట ఉండవచ్చని. పసుపు రంగు మీద ఊదా గీతలు నా చేత్తోనే గీశాను.

కొత్త పటం గోడకెక్కిన రోజు సత్తవ్వ వచ్చి, ఆ గీతల మీద వేలు పెట్టింది. “గీ గీతలల్ల మా అత్త ఉన్నదా సారూ?”

“ఉన్నదవ్వా. ఈసారి ఆమె మంచం కాడికెల్లే కొలిచిన.”

“గట్లనా!” అని నవ్వింది. ఆ నవ్వు చూసి నా కళ్లు చెమ్మగిల్లాయి.

అన్నట్టే మెమో వచ్చింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా చేరిన సర్వేయర్లకు దాన్ని చూపించి, తలుపు తట్టి, లోపల ఎవరు ఏ పని చేస్తారో, ఎవరిని సాకుతారో అడగకుండా రంగు వేయొద్దని చెబుతాను. “తప్పు చేశారని రాసిన కాగితం ఎందుకు దాచుకున్నారు సార్?” అని వాళ్లు అడుగుతారు. ఆ తప్పు ఒప్పుకున్నందుకే ఒక గల్లీ నిలబడిందని, నా సర్వీసంతా కలిపినా అంతకన్నా పెద్ద పని చేయలేదని ఛాతీ విరుచుకునే చెబుతాను.