లడ్డూ ఎత్తిన క్రేను

ఆ రోజుల్లో మా దువ్వాడ స్టేషన్లో రైలు దిగేవాళ్లలో సగం మంది ఇంజినీర్లు, మిగతా సగం కాబోయే ఇంజినీర్లు. ఇంతమందిలో తమ పిల్లలు ఎక్కడ వెనకబడిపోతారోనని తల్లిదండ్రులకు బెంగ పట్టుకుంది. ఇంటరు దాకా ఆగితే ఆలస్యమైపోతుందని, రెండో తరగతిలోనే మొదలుపెట్టించేయాలనుకున్నారు. ఆ బెంగను నమ్ముకుని కాలనీకొక సంస్థ వెలిసింది. అలాంటి ఒకదాంట్లో, ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలతో పిల్లలకు ఇంజినీరింగ్ డిజైన్ నేర్పే 'సీనియర్ మెంటర్'గా చేరాను. (జూనియర్ ఎవరూ లేరు.) మెకానికల్ డిగ్రీ అయితే ఉంది గానీ, నా చేత్తో బిగించిన బోల్టు ఒక్కటీ లేదు. ల్యాబులో పక్కవాడు బిగిస్తుంటే రీడింగులు రాసుకున్నవాణ్ణి. ఈ ఉద్యోగం చూపించింది మా అక్క మొగుడు, మా బావ. "బొమ్మలాడించడవేటి బావా, నాను ఇంజినీర్ని" అని నసిగితే, "ఇంట్లో కూకోని ఫోన్ నొక్కీ కన్నా నయవే కదరా. ఏటి నీకు నామోషీ? టై కట్టుకోని ఎల్లు" అన్నాడు. కట్టుకుని వెళ్లాను.

సంస్థ యజమాని మాటకు ముందోసారి, వెనకోసారి 'విజన్' అనేవారు కాబట్టి ఆయనకు విజన్ సార్ అని పేరు పెట్టుకున్నాను. క్లాసు గోడ మీద ఆయనే రంగుల అక్షరాలతో రాయించారు: ఆలోచించు, గియ్యి, కట్టు, పరీక్షించు, సరిదిద్దు. చాలా మంచి పద్ధతి. కాకపోతే చివరి రెండూ జరగనిచ్చేవారు కాదు. పరీక్షిస్తే బొమ్మ విరుగుతుంది, విరిగితే ముక్కలు బీరువా కిందికి పోతాయి, సాయంత్రం తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫొటో ఉండదు. "పడిపోయిన బొమ్మ ఫొటో చూసి ఎవరు జాయిన్ అవుతారండీ?" అని నన్నే అడిగేవారు. అందుకని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కట్టించడం, పిల్లల్ని పక్కన నిలబెట్టి నవ్వమనడం, ఫొటో తీయడం. ఇదీ మా ఇంజినీరింగ్.

దీనికి అడ్డుపడింది మూడో తరగతి పిల్ల ఒకతి. ఆ పిల్లకు నేను పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. నేను పుస్తకం చూసి ముచ్చటగా కట్టిన క్రేనుకు తన నీళ్ల సీసా తగిలించింది. క్రేను ముందుకు బోర్లా పడింది. "ఎందుకు పడిపోయింది సార్?" "సెంటర్ ఆఫ్ గ్రావిటీ" అన్నాను గంభీరంగా. "అంటే ఎందుకు?" (నాలుగేళ్ల కాలేజీలో నన్ను ఎవరూ రెండోసారి అడగలేదు.) "రేపు చెప్తాను" అని తప్పించుకుని, ఇంటికెళ్లి అటక మీంచి పాత పుస్తకం దించాను. మర్నాటి నుంచి విజన్ సార్ తన గదిలో ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ మేం రహస్యంగా పరీక్షలు చేసేవాళ్లం. పిల్లలందరూ బస్సు కిటికీలోంచి పోర్టు క్రేన్లను చూసినవాళ్లే. మా క్రేను చెయ్యి పొడుగు చేస్తే పడేది, కురచ చేస్తే సరుకు అందేది కాదు, వెనక బరువు పెడితే నిలబడేది. మెల్లగా అందరి క్రేన్లూ లేవడం, తిరగడం నేర్చుకున్నాయి. వాళ్లతోపాటు నేనూ కొంత.

సంవత్సరాంతపు ప్రదర్శన వచ్చింది. చూడ్డానికి మా బావ కూడా వచ్చాడు. పోర్టులో పెద్ద హోదాలో చేసి రిటైరైన ఒకాయన ముఖ్య అతిథి. "ఇది బాగా జరిగితే మీ ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే మీ ఇష్టం" అని విజన్ సార్ ముందే సెలవిచ్చారు. అతిథిగారు టీ కప్పు పట్టుకుని నేరుగా ఎందుకమ్మ బల్ల దగ్గరికొచ్చి, "ఏదీ, తిప్పమ్మా, సూద్దాం" అన్నారు. ఆ పిల్ల పిడి తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. క్రేనుతో పాటు బల్లమీది గుడ్డ కూడా లేచింది. "నిన్న తిరిగిందండి తాతగారూ!" అని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఎవలో గమ్మెట్టీసారు!" అని కేక పెట్టింది. హాలంతా పిల్లలు బొమ్మలు లాగిచూసుకుని "మాదీ గమ్మే! మాదీ గమ్మే!" అని అందుకున్నారు. ముందురోజు మేం వెళ్లాక విజన్ సార్ ఒక్క బొమ్మనూ వదలకుండా అతికించారట, ఫొటోల్లో ఊడిపోకుండా.

ఆయన ఏమాత్రం తడబడకుండా మైకులో, "ఇది స్టెబిలిటీ వెర్షన్. మన మెంటర్ వివరిస్తారు" అని మైకు నాకిచ్చారు. నోరు తెరిచాను. ఎందుకమ్మ కళ్లనిండా నీళ్లతో నా వంకే చూస్తోంది. మైకు బల్ల మీద పెట్టి, అద్దాల బీరువాలో తల్లిదండ్రులకు చూపించడానికే ఉంచిన, సీలు విప్పని పెద్ద ఇటుకల పెట్టె దించి, నేల మీద గుమ్మరించి, "మళ్లీ కట్టండర్రా" అన్నాను.

కట్టారు. పడింది. కట్టారు. పడింది. తల్లిదండ్రులు వాచీలు చూసుకోవడం మొదలుపెట్టారు. "ఇందాకట్నించి పడగొట్టడవే గానీ నేర్సుకున్నదేటండి? ఆ పక్క సందులో పూసల్తో లెక్కలు నేర్పీ అబాకస్ వోళ్లు అస్సలు తప్పే రానివ్వరు" అని ఒకావిడ పక్కావిడతో, నాకు వినపడేలా. ఎట్టకేలకు ఎందుకమ్మ క్రేను, కాగితం కప్పులో పెట్టిన లడ్డూని బల్ల మీంచి ఎత్తి, ఠీవిగా గాల్లో తిరిగి, ఒక్క కుదుపు కుదిపి, లడ్డూని అతిథిగారి టీలో వేసింది. ఆయన చొక్కా మీద టీ దులుపుకుంటూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. పిల్లలు గంతులేశారు. విజన్ సార్ నవ్వలేదు.

సోమవారానికి నా ఉద్యోగం లేదు. పిల్లల్లో చాలామంది అబాకస్‌కు మారిపోయారు. ఎందుకమ్మను కూడా అక్కడే చేర్పించారని తెలిసింది. (అక్కడి సార్ కోసం మనసులో ఒకసారి దణ్ణం పెట్టుకున్నాను.) బావ మాత్రం, "ఉజ్జోగం పోతే పోయింది గాని, లడ్డూ భలే పడిందిరా" అన్నాడు.

ఇప్పుడు నేను ఒక కాంట్రాక్టరు ఆఫీసులో, వేరేవాళ్లు గీసిన డ్రాయింగుల్లో వేరేవాళ్లు చెప్పిన మార్పులు కంప్యూటర్లో దిద్దుతుంటాను. మంచి ఉద్యోగమే, ఏసీ ఉంది. ఆ రోజు బావ తన ఫోన్లో తీసిన ఫొటో మాత్రం మా అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. అందులో టై భుజం మీదికి విసిరేసుకుని, పిల్లల కాళ్ల మధ్య నేల మీద బోర్లా పడుకుని, బీరువా కిందికి చెయ్యి పెట్టి ఏదో ముక్క వెతుకుతున్నాను. ఎవరొచ్చినా అమ్మ దాన్నే చూపిస్తుంది: "ఇదిగో, మావోడు ఇంజినీరుగా సేసినప్పటిది." ఆ మాటను ఒకప్పుడు దిద్దేవాణ్ణి. ఇప్పుడు దిద్దడం లేదు.