రెండో సీసా

పశువుల డాక్టరమ్మ గదిలోకి వెళ్ళగానే నేను ముందు చూసింది ఆమె మొహం కాదు, గోడ. గోడకు ఒక మందుల కంపెనీ కేలండరు. బల్ల మీద పెన్నుల స్టాండు కూడా ఆ కంపెనీదే. గడియారం మీదా అదే పేరు. బళేపేటలో మాది గాజుల దుకాణం. మా గోడకు ఎవరి కేలండరు వేలాడుతుంటే ఆ ఏడాది వాళ్ళ సరుకే ముందు పెట్టి అమ్ముతాం. కేలండర్లు ఊరికే రావని నాకు బాగా తెలుసు. అందుకే కుర్చీలో కూర్చునే లోపలే ఆమె మీద ఒక నిర్ణయానికి వచ్చేశాను.

అవి తొంభైల మధ్య సంవత్సరాలు. పిల్లిని మేం ముద్దు కోసం తెచ్చుకోలేదు. గాజులు ఉత్తరాది నుంచి గడ్డిలో చుట్టి పెట్టెల్లో వచ్చేవి. ఆ గడ్డిలో ఎలుకలు కాపురం పెట్టేవి. దుకాణం వెనకే మా ఇల్లు. మా ఆవిడ ఎవరింటి నుంచో ఒక పిల్లికూనను తెచ్చి వదిలింది. ఎలుకలు పోయాయి, పిల్లి ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నంలో పాలు కలిపి మా ఆవిడ చెయ్యి ఒకసారి ఆడించేది. ఆ చేతికి డజను మట్టిగాజులు. ఆ గలగల వినబడితే చాలు, పిల్లి ఏ మిద్దె మీదున్నా రెండు గోడలు దూకి వచ్చేది. మా వీధిలో పొద్దస్తమానం గాజులు మోగుతూనే ఉంటాయి. వాటన్నిటిలో ఈమె చేతి మోత దానికెలా తెలిసేదో నాకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు మిద్దె మీద ఇంకో పిల్లితో కొట్లాడి వచ్చింది. ముందుకాలి మీద పంటిగాటు. రెండు రోజుల్లో కాలు వాచి, చీము పట్టి, నేల మీద మోపలేకపోయింది. మా ఆవిడ దాన్ని బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కింది. డబ్బు నా జేబులో ఉంటుంది కాబట్టి నేనూ ఎక్కాను.

డాక్టరమ్మ చీము తీసి కట్టు కట్టింది. బీరువాలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక సీసా ఐదు దినాలకొస్తాది సార్. పది దినాలు పూర్తిగా ఇయ్యాల. బాగైందని మధ్యలో నిలపొద్దు. నిలిపితే తిరగబెడ్తాది."

ధర చెప్పింది. ఆ డబ్బుతో మా ఇంట్లో మనుషులందరికీ జ్వరం మందులు వచ్చేవి. సీసా చూస్తే వేలెడంత లేదు.

"మామూలు మెడికల్ షాపులో ఇదే మందు చవగ్గా దొరకదా అమ్మా?" అన్నాను.

"అక్కడ దొరికేది మనుషుల మాత్ర సార్. పిల్లి బరువుకు సరిగ్గా కొలిచి ఇయ్యలేరు. చేదుకు ఉమ్మేస్తాది కూడా."

జవాబు తయారుగా పెట్టుకునేవాళ్ళంటే నాకు ఇంకా అనుమానం. నేనూ అలాంటివాణ్ణే మరి. మా వీధిలో డజను ఇరవై అన్నామంటే పదికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని అర్థం. అది మాకు తెలుసు, కొనేవాళ్ళకూ తెలుసు. సగానికి అడగనివాళ్ళను చూస్తే మాకే జాలివేసేది. ఆ లెక్కన పది దినాలంటే అయిదు దినాలేనని నాకు నేనే తేల్చుకున్నాను. ధరలో ఆమె దిగలేదు, సరే, రోజుల్లో దించాను.

"ఇప్పటికి ఒకటియ్యండమ్మా. ఇది అయిపోయినాక వచ్చి రెండోది తీసుకుంటా" అన్నాను. ఆమె ఒకటే ఇచ్చింది.

మూడో రోజుకే వాపు తీసింది. అయిదో రోజుకు పిల్లి పెట్టెల మీదికి ఎగురుతోంది. నేను మీసం మెలేశాను.

"రెండో సీసా తేలేదేమప్పా?" అంది మా ఆవిడ.

"ఎందుకే? ఎట్ల దూకతా ఉండాదో చూడు."

"పది దినాలని గట్టిగా చెప్పింది గదా ఆమె."

"చెప్తాది. మనం చెప్పమా మొదటి రేటు? ఇదీ అట్లే."

ఆమె పిల్లిని ఒళ్ళోకి తీసుకుని దాని కాలు నిమరసాగింది. నా మాట ఆమెకు రుచించలేదని తెలుస్తూనే ఉంది. దుకాణంలో పనుందని లేచి వచ్చేశాను.

మందు ఆపిన వారానికే కాలు మళ్ళీ వాచింది. ఈసారి భుజం దాకా. ఒళ్ళు కాలిపోతోంది, పాలు ముట్టడం లేదు. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. మళ్ళీ రప్పించుకోవడానికే పలచటి మందు ఇచ్చిందనుకున్నాను. ఆటోలో ఆ మాటే అంటే మా ఆవిడ బయటికి చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ కాలు చూసింది, జ్వరం చూసింది, తలెత్తి నన్ను అడిగింది.

"పది దినాలూ ఇచ్చినారా సార్? రెండో సీసాకు మీరు రాలేదే."

"ఇచ్చినాం. రెండోది మా పక్క పశువుల మందుల షాపులో కొన్నాం."

భార్య ముందు ఓడిపోవడం ఇష్టంలేక అన్నాను. గదిలో కుక్కల్ని పట్టుకుని ఇంకో ఇద్దరు కూర్చున్నారు కూడా. మా ఆవిడ గాజులు ఒకసారి మోగాయి. బుట్ట అంచు గట్టిగా పట్టుకుందంతే. నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చెయ్యలేదు.

డాక్టరమ్మ నా మాట నమ్మింది. నేను ఆమె చెప్పిన ఒక్క ముక్కా నమ్మలేదు, ఆమె మాత్రం నన్ను నమ్మింది.

"పది దినాలిచ్చినా తగ్గలేదంటే ఆ మందు దీనికి పనిచెయ్యలేదు. ఇంకో సూదిమందు ఉండాది. ధర తక్కువే. కానీ దానితో పిల్లులకు చెవులు పోయే భయం ఉండాది. మొదటి మందుకు తగ్గుంటే నేను దీని జోలికే పోను. ఏమంటారు?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ధర తక్కువన్న మాట చెవిన పడింది, ఇప్పటికి దారికొచ్చిందనుకున్నాను. చెవుల సంగతి ఉత్త బెదిరింపు అనుకున్నాను. ఖరీదైన గాజులు అంటగట్టాలంటే చవకవి చిట్లిపోతాయని మేం చెప్పమూ?

"వెయ్యండి" అన్నాను.

వారం పాటు రోజూ తీసుకెళ్ళాం. సూదిమందు సీసా మీదున్న ధర రోజూ నేను కళ్ళు చికిలించి చదివాను. ఆమె అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. జ్వరం దిగింది, కాలు మానింది, పిల్లి బతికింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మా ఆవిడ అన్నంలో పాలు కలిపి చెయ్యి ఆడించింది. పిల్లి మూడడుగుల దూరంలో మావైపు వీపు పెట్టి ఎండలో కూర్చుంది. ఆమె మళ్ళీ ఆడించింది. ఇంకా గట్టిగా ఆడించింది. ఒక గాజు చిట్లి కిందపడింది. పిల్లి చెవి కూడా కదలలేదు. నేను గుమ్మంలో నిలబడి అంతా చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె గిన్నె తీసుకెళ్ళి దాని ముందు పెట్టి, అది ఉలిక్కిపడకుండా ముందు వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. పిల్లి బతికినన్నాళ్ళూ అలాగే పెట్టింది.

కొన్నేళ్ళకు నాకు బీపీ వచ్చింది. రోజుకో మాత్ర, జీవితాంతం. పొద్దున్నే నేను వేసుకున్నానని చెప్తాను. మా ఆవిడ నా మొహం వైపు చూడదు. అలమార తెరిచి, మాత్రల పట్టీ బయటికి తీసి, ఆ రోజు మాత్ర ఉన్న గుంట ఖాళీ అయిందో లేదో వేలితో తడిమి చూస్తుంది.