నాయన ఊపిరి, మనవరాలి తెర

మా చిన్నతనంలో ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వెళ్లే బస్సు శిరివెళ్ల దాటేసరికి నా తొడలు తిమ్మిరెక్కేవి... ఒళ్లో బొంతలో చుట్టిన హార్మోనియం పెట్టె మరి! పక్కన మా నాయన. ఆ పక్కన పెట్టె సొంతదారు ఖాసిం చిన్నాయన.

నాయన పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవారు. ఖాసిం చిన్నాయన ఆయనకు హార్మోనియం వాయించేవాడు. వావి వరుసలు లేవు... అయినా నాకు ఆయన చిన్నాయనే.

ఆనాడు నంద్యాలలో ఒక పత్తి గోదాములో రిహార్సలు. నాయనకు అప్పటికే యాభై దాటాయి. పై స్థాయికి వెళ్తే గొంతు జీరవోతోంది, పద్యం సగంలోనే ఊపిరి చాలడం లేదు. ఆ మధ్యాహ్నం కూడా తడబడితే వేషం కుర్ర నటుడికి ఇచ్చేస్తానని నాటక సమాజం పెద్దాయన ముందుగానే చెప్పేశాడు.

"ఖాసిమూ, ఎప్పుడూ పాడే శ్రుతిలోనే పెట్టప్పా. దించితే జనం నవ్వుతారు" అన్నారు నాయన.

"నవ్వేటోళ్లు ఎట్లయినా నవ్వుతారులేన్నా! గొంతు చీరుకొని ఎవరికి చూపిస్తావ్? దించుతాండా. నువ్వు పాడు. నీ ఊపిరి యాడ ఆగితే నా వేలు ఆడ్నే నిలుస్తాది."

నాయన కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు...

పద్యంలో పాదం విరుపు ఒక చోట ఉంటుంది. వయసు మళ్లిన గాయకుడికి విరామం మరొక చోట అవసరమవుతుంది. నాయన ఊపిరి అందక ఆగిన ప్రతిచోటా ఖాసిం చిన్నాయన వేలు ఆ స్వరం మీదే నిలిచింది... పెట్టె గాలితిత్తి మెల్లగా కదులుతూ ఉంది. నాయన మళ్లీ అందుకునే దాకా ఆ నాదం తెగలేదు. వినేవారికి అది ఆయాసంలా తోచలేదు, రాజు మనసులోని బరువులా తోచింది.

వేషం నాయనకే దక్కింది.

"రాజుగారూ, కిరీటం నిలబడె కదా... ఇంగ మిరపకాయ బజ్జీలు పెట్టియ్యి" అన్నాడు ఖాసిం చిన్నాయన. బస్సు వచ్చేదాకా ముగ్గురం బజ్జీలు తింటూ నిలబడ్డాం. నాయన అంత తృప్తిగా తినడం నేను అంతకు ముందు చూడలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న అదే దారిలో, అదే విధంగా బొంతలో చుట్టిన మరొక పెట్టెను ఒళ్లో పెట్టుకుని నంద్యాల వెళ్లాను. ఈసారి అది మా మనవరాలు హారిక కంప్యూటరు.

హారిక స్నేహితులతో జట్టుకట్టి కంప్యూటరులో కార్ల పందేలు ఆడుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా తెర మీది బొమ్మ రెండు ముక్కలై కనబడుతోందట. ఆదివారం పోటీలో కూడా వెనకబడితే ఆమె చోటు ఇంకొకరికి ఇస్తామని స్నేహితులు తేల్చిచెప్పారు. పిల్లకు రెండు రోజులుగా అన్నం సయించలేదు. బొమ్మలను గీసి తెరకు పంపే గ్రాఫిక్స్ కార్డు వాళ్లన్న వాడి వదిలిపెట్టినది. దాన్ని అలాగే ఉంచి తెర మాత్రం కొత్తది కొందామని బయలుదేరాం.

కంప్యూటర్ల అంగడిలో అడుగుపెట్టగానే హారిక గోడకున్న పెద్ద తెర ముందు నిలబడిపోయింది.

"తాతా, ఇదే కావాల!"

అంగడి నడిపే సుజాతమ్మ మా కంప్యూటరును దానికే తగిలించి ఆట పెట్టింది. కారు గంతులు వేస్తూ కదిలింది... హారిక ముఖం వాడిపోయింది.

"ఈ తెరకు మామూలు దానికంటే నాలుగింతలు చుక్కలు గీయాల పాపా. నీ కార్డు మోయలేదు" అంది సుజాతమ్మ.

"ఈ కార్డు ముసల్దైపాయె తాతా. దీంతో ఏమీ కాదు!"

"ముసల్దైతే ఏందే? నేను ఈడ్నే నిలబడుకోనుండా!" అన్నాను. సుజాతమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తరువాత ఆమె ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరను తెచ్చి పెట్టింది.

"దీనికైతే నీ కార్డు అలిసిపోదు. మామూలు తెర ఎవురికోసమూ ఆగదు పాపా, పాత బొమ్మ సగం, కొత్త బొమ్మ సగం కలిపి చూపిస్తాది. అందుకే నీకు చీలి కనపడతాంది. ఇది అట్ల కాదు. కార్డుకు ఆలస్యమైతే, కొత్త బొమ్మ వచ్చేదాకా ముందు బొమ్మనే పట్టుకోనుంటాది. నీ కార్డుకు మాత్రం ఈ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తోనే ఆ పని అవుతాది. వేరేది పెట్టొద్దు."

ఆట మొదలైంది. కారు మలుపు తిరిగింది... బొమ్మ చీలలేదు, తడబడలేదు.

"తాతా, ఇది కార్డు కోసం కాసుకోనుండాది చూడు!" అంది హారిక.

ఆ గోదాములో ఒక స్వరం మీద నిలిచిపోయిన వేలు నా కళ్ల ముందు మెదిలింది...

ఆ తెరనే కొనుక్కుని, ఇంటిముఖం పట్టే ముందు హారికకు మిరపకాయ బజ్జీలు ఇప్పించాను. ఎందుకని ఆమె అడగలేదు, కారం కారమంటూనే తినేసింది. ఆదివారం పోటీలో రెండో స్థానంలో వచ్చింది. జట్టులో ఆమె చోటు ఆమెకే ఉంది.

నాయన లేరు... ఖాసిం చిన్నాయన లేడు. ఈ రోజుల్లో చాలా వేదికల మీద వెనుక సంగీతాన్ని ముందే రికార్డు చేసి వినిపిస్తున్నారు. పాడేవారి ఊపిరి అందినా, అందకపోయినా అది తన దారిన తాను సాగిపోతుంది. చిత్రమేమిటంటే, ఆగడం ఇప్పుడు తెరలు నేర్చుకున్నాయి.

మీరు ఊపిరి తీసుకునే దాకా మీ కోసం ఆగిన మనిషి మీ చిన్ననాట కూడా ఒకరు ఉండే ఉంటారు... వారి పేరు ఇక్కడ రాయండి. చదువుకుంటాను.