రైలు లేని ఊర్లకు రైలు వేసిన సలీం భాయ్

నిన్న పొద్దున నా టైలరింగ్ షాప్ తెరిచేసరికి పక్కన సలీం భాయ్ వాచీల దుకాణం షట్టర్ దించే ఉంది. ఈ మనిషికి పొద్దెక్కినా తెల్లారదు అని గొణుక్కున్నాను.

అప్పుడే వాళ్లింటి పక్కవాళ్ల నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, సలీం భాయ్ పోయిండు. నిద్రలనే."

తాళంచెవి చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మా లక్సెట్టిపేటకు రైలు లేదు.

సలీం భాయ్ ఇంటి వెనుక గదిలో మాత్రం ఉండేది. పెద్ద బల్ల మీద గుండ్రంగా చిన్న చిన్న పట్టాలు. స్టేషన్ బోర్డులు కూడా ఆయనే రాశాడు. చెన్నూరు, లక్సెట్టిపేట, ఖానాపూర్. నిజం రైలు వీటిలో ఒక్క ఊరికీ రాదు, అందుకే తానే వేశానని చెప్పేవాడు.

గూడ్స్ వ్యాగన్ కిట్లు ఆన్‌లైన్‌లో తెప్పించేవాడు. ప్లాస్టిక్ ముక్కలు, గోరంత చక్రాలు. ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని ఇద్దరం అతికించేవాళ్లం. నూర్జహాన్ భాభీ చాయ్ పెట్టేది. కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల మీద మెల్లగా జరిగేది. రైలు తిరుగుతుంటే నాకు కళ్లు మూతలు పడేవి. ఆ కునుకులో చెన్నూరు పత్తి, ఖానాపూర్ మక్కలు ఎక్కడికో పోతూ ఉండేవి.

నా మొదటి వ్యాగన్ ముద్దుగా వచ్చిందని సంబరపడి పైకప్పు కూడా గమ్ పెట్టి మూసేశాను. మొదటి మలుపులోనే పక్కకు పడిపోయింది.

"లోపట బరువు పెట్టినవా చెల్లె?"

పెట్టలేదు.

"ఖాళీ డబ్బా ఉరుకుతది గని మలుపుకు నిలవడది. పైకప్పు ఏసే ముందు జర ఆగాలె."

చేపల వలలకు కట్టే సీసం గుండ్లు గోదారి ఒడ్డు నుంచి తెచ్చి పెట్టుకునేవాడు. నా వ్యాగన్ పైకప్పు ఓపికగా ఊడదీసి, గుండ్లు అడుగున, చక్రాలకు దగ్గరగా అతికించాడు. మళ్లీ పడలేదు.

ఖానాపూర్ భాభీ తల్లిగారి ఊరు. "నీ ఊరికి రైలు ఏస్త" అని పెళ్లైన కొత్తలో మాట ఇచ్చాడట. తీరా రైలు ఖానాపూర్ మలుపుకు వచ్చేసరికి, గుండ్లు పెట్టినా, చివరి వ్యాగన్ ప్రతిసారీ ఒరిగేది.

"మా ఊరికి బస్సే నయం" అని భాభీ ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేవాడు గానీ లోపల పరేషాన్ అయ్యేవాడు.

ఇవాళ వాళ్లింటికి పోతే భాభీ నన్ను ఆ గదిలోకి తీసుకుపోయింది. చివరి వ్యాగన్ బల్ల మీద పైకప్పు తీసి ఉంది. పక్కనే ఇంకొన్ని సీసం గుండ్లు. మొన్న రాత్రి అక్కడిదాకా చేసి పడుకున్నాడట.

"ఒక్కసారి తోలు చెల్లె. మా ఊరు చేరుతదా చూద్దాం."

ఆ గుండ్లు కూడా అడుగున అతికించాను. పైకప్పు ఊరికే ఆనించి పెట్టాను. స్విచ్ వేశాను.

చెన్నూరు దాటింది. మన ఊరు దాటింది. ఖానాపూర్ మలుపు రాగానే ఇద్దరం బల్ల మీదికి వంగాం.

వ్యాగన్ పడలేదు.

"వచ్చింది" అన్నది భాభీ, బోర్డు వైపే చూస్తూ. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

భాయ్, నీ రైలు ఖానాపూర్ చేరింది. మాట దక్కింది.

పైకప్పుకు మాత్రం ఇంకా గమ్ పెట్టలేదు. జర ఆగమన్నది నువ్వే కదా.

ఇక ఏ ఫికరూ లేకుండా నిమ్మళంగా పడుకో భాయ్.